రెండు కెమెరాల కాపురం

పెళ్లికి వచ్చిన ఫొటోగ్రాఫరు మెడలో ఒక కెమెరా, భుజానికి ఇంకో కెమెరా వేలాడేసుకుని తిరుగుతుంటే, "రెండెందుకండీ, షోకి కాకపోతే!" అనే మాట బంతిలో కూర్చున్నవాళ్ల నోట చాలాసార్లు విన్నాను. అడిగినవాళ్ల తప్పేం లేదు. వంటాయన చేతిలో రెండు గరిటెలుంటే ఎవరూ అడగరు. పులుసులో పెట్టిన గరిటె పాయసంలో పెట్టకూడదని అందరికీ తెలుసు కదా. కెమెరా సంగతి అలా చూడగానే తెలిసేది కాదు. అందుకే ఈసారి వంటల జోలికీ పిల్లల పరీక్షల జోలికీ పోకుండా, మా ఇంట్లో ఆర్నెల్లపాటు నలిగిన రెండు కెమెరాల సంగతి రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఫొటోగ్రాఫర్ని కాదు. మా మరిది అమలాపురంలో పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ ఫొటోలు తీస్తాడు. తీసినవన్నీ తెచ్చి కంప్యూటర్లో వేస్తే, ఆల్బమ్‌లోకి ఏవి వెళ్లాలో ఏరేది నేను. ఒక్కో పెళ్లికి రెండు మూడు వేల ఫొటోలుంటాయి. ఎవరు మేనత్త, ఎవరు పినతల్లి, ఏ తంతు తర్వాత ఏ తంతు అన్నది అతనికంటే నాకు బాగా తెలుసు కాబట్టి ఆ పని నా చేతికొచ్చింది. పదేళ్లుగా రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతున్నాను. కాబట్టి ఏ లెన్సు ఏం తెస్తుందో, ఏం తేలేదో నాకు ఆ చివర నుంచి తెలుసు.

అసలు రెండెందుకు? లెన్సు మార్చడానికి అలవాటున్న చేతికైనా అర నిమిషం పడుతుంది. ఒకటి విప్పాలి, దానికి మూత పెట్టాలి, రెండోదాని మూత తీయాలి, బిగించాలి. జీలకర్ర బెల్లం ఆ అర నిమిషం ఆగదు. రాత్రి 2 గంటల 14 నిమిషాలకి సుముహూర్తమంటే, పంతులుగారు వాచీ వైపు, సన్నాయివాళ్లు పంతులుగారి చేతి వైపు చూస్తూ ఉంటారు. ఆయన చెయ్యి ఊపగానే గట్టిమేళం, నెత్తిన చేతులు, తెర దిగడం, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు. అంతా కలిపి నిమిషం. ఆ నిమిషంలో మండపం మొత్తం రావాలంటే ఒక లెన్సు కావాలి, తెర దిగగానే పెళ్లికూతురి కళ్లు ఎలా పైకి లేచాయో రావాలంటే ఇంకో లెన్సు కావాలి. పైగా అక్షింతలూ పసుపూ హోమం పొగా ఎగురుతున్న చోట కెమెరా నోరు తెరిస్తే లోపల సెన్సర్ మీద నలక పడుతుంది. ఆ తర్వాత తీసిన ప్రతి ఫొటోలోనూ ఒకే చోట మచ్చ. ఆ మచ్చల్ని ఒక్కొక్కటిగా చెరిపేదాన్ని నేనే. ఇక మూడో కారణం ఎవరికైనా అర్థమయ్యేదే. కెమెరా మొరాయించిందని తాళి మళ్లీ కట్టించలేం.

మా అమ్మాయి ఎక్కడో చదివి, "ఫ్రాన్స్‌లో హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ అని అంత గొప్ప ఫొటోగ్రాఫరు చిన్న లైకా కెమెరాతో, ఎక్కువగా ఒకే 50 లెన్సుతో తీశాడటమ్మా, బాబాయికి రెండెందుకు?" అంది. నిజమే. కానీ ఆయన తనకి కనిపించింది తీశాడు. మా మరిది అడిగినవాళ్లకి కావలసింది తీయాలి. ఆ గొప్పాయనని ఎవరూ "మా తోడికోడలు ఫొటోలో లేదేంటండీ" అని అడిగి ఉండరు.

ఇప్పుడు అంకెల సంగతి కొంచెం చెప్పాలి. లెన్సు మీద 24, 70, 200 అని ఎం.ఎం. లెక్కలో ఉంటాయి. అంకె చిన్నదైతే వెడల్పుగా కనిపిస్తుంది, పెద్దదైతే దూరంలో ఉన్నది దగ్గరికి వస్తుంది. 24తో చిన్న హాల్లో గోడకి ఆనుకుని నిలబడితే గదంతా వస్తుంది. 200తో హాలు ఆ చివర నుంచి వేదిక మీది మనిషి మొహం వస్తుంది. దాని పక్కన ఎఫ్ 2.8 అని, ఎఫ్ 5.6 అని ఇంకో అంకె ఉంటుంది. అది లెన్సు ఎంత వెలుగుని లోపలికి రానిస్తుందో చెప్పేది. ఇక్కడ అంకె చిన్నదైతేనే మంచిది. 2.8 లోపలికి రానిచ్చే వెలుగులో 5.6 నాలుగో వంతే రానిస్తుంది. రాత్రి ముహూర్తాలకి ఆ నాలుగో వంతే ప్రాణం తీస్తుంది.

కెమెరా బాడీలోనూ రెండు రకాలున్నాయి. ఫుల్ ఫ్రేమ్ అంటే లోపలి సెన్సర్ 36 ఎం.ఎం. పొడవు, 24 ఎం.ఎం. ఎత్తు ఉంటుంది. 1925లో జర్మనీలో లైకా కెమెరా బజారులోకి వచ్చింది. దాని ఫిల్ము మీద బొమ్మ కొలతే అది. రెండో రకాన్ని క్రాప్ బాడీ అంటారు, దాని సెన్సర్ చిన్నది. అదే లెన్సు దానికి తగిలిస్తే, పెద్ద కిటికీకి చిన్న చట్రం పెట్టినట్టు, మధ్యలోది మాత్రమే కనిపిస్తుంది. నికాన్, సోనీ క్రాప్ బాడీల్లో 1.5తో, కేనన్‌లో 1.6తో గుణించి చూసుకోవాలి. 50 లెన్సు నికాన్ క్రాప్ బాడీకి పెడితే 75 పెట్టినట్టు, 200 పెడితే 300 పెట్టినట్టు.

మా మరిది దగ్గరున్నవి రెండూ నికాన్లే. ఒకటి ఫుల్ ఫ్రేమ్ డి750, దానికి 24-70 ఎఫ్ 2.8 లెన్సు. రెండోది క్రాప్ బాడీ డి7200, దాంతో పాటు వచ్చిన 18-140 లెన్సు. ఈ రెండో లెన్సు 140 దాకా లాగితే ఎఫ్ 5.6కి పడిపోతుంది. పగలు పనికొస్తుంది గానీ రాత్రి దాంతో తీస్తే మనుషులు మబ్బులో ఉన్నట్టుంటారు. అందుకని అది బ్యాగులోనే ఉండేది, మొదటిది పాడైతే ఉంటుందిలే అని. అంటే పేరుకి రెండు కెమెరాలే గానీ, పని చేసేది ఒకటే.

ఇంతలో కిందటి వైశాఖంలో రాజోలు వైపు ఒక పెళ్లి చేశాడు. ఆషాఢంలో ఆల్బమ్ తీసుకెళ్లడానికి పెళ్లికూతురి తల్లి వచ్చారు. నేను కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతూ, "ఇది మా ఆడపడుచండి, ఈయన మా పెద్దబావగారండి" అని నాకు చూపిస్తూ సంబరపడ్డారు. చివరి పేజీ అయ్యాక మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి తిప్పారు. తర్వాత నెమ్మదిగా, "అంతా చాలా బాగుందండి. నేనే ఎక్కడా సరిగ్గా కనబడలేదు. ఉన్నానాండి, పెళ్లిలో?" అని నవ్వారు.

ఆవిడ వెళ్లాక ఆ పెళ్లి ఫొటోలన్నీ, ఆల్బమ్‌లోకి రానివి కూడా, మళ్లీ తెరిచి చూశాను. రెండు వేల ఆరువందల్లో ఆవిడ ఉన్నవి పదకొండు. కన్యాదానంలో కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు పోస్తూ తల వంచుకుని ఉన్నవి మూడు. వేదిక మీద వరసలో నిలబడినవి రెండు. మిగతా ఆరింటిలో ఆవిడ ఎక్కడో అంచున, వెనకాల, పళ్లెం పట్టుకుని వెళ్తూ చిన్న బొమ్మలా ఉన్నారు. ఆవిడ ఆ రాత్రంతా అక్కడే ఉన్నారు. వియ్యాలవారి విడిదికీ వంటల దగ్గరికీ మండపానికీ మధ్య తిరుగుతూ ఉన్నారు. ఆవిడ ఉన్న చోటికి లెన్సు అందలేదు, అంతే.

ఫొటో తీసినప్పుడు ఏ లెన్సు ఎంత దగ్గర పెట్టి తీశారో ఆ ఫైల్లోనే రాసి ఉంటుంది. మీ ఇంట్లో కెమెరా ఉంటే మీరూ చూసుకోవచ్చు. నేను ఆ పెళ్లీ, దాని ముందు చేసిన రెండు పెళ్లిళ్లూ తీసి ఆ అంకె చూసుకుంటూ వెళ్లాను. సగానికి దగ్గర ఫొటోలు 70 దగ్గర ఆగి ఉన్నాయి. అంటే అతను ఇంకా దగ్గరికి వెళ్లాలనుకుని, లెన్సు అయిపోయి, అక్కడ ఆగిపోయాడన్న మాట. వీడియో వాళ్ల స్టాండ్లు, లైట్లు, ముందు వరస కుర్చీలు దాటి అడుగు ముందుకు వేసే చోటు ఉండదు. కాగితం మీద రాసి చూపిస్తే మరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వదినా, నాకు అనిపిస్తూనే ఉంది గానీ ఇంతుందని అనుకోలేదు" అన్నాడు.

అక్కణ్ణుంచి మొదలయ్యింది మా ఇంట్లో చర్చ. అతనికి కొత్త మిర్రర్‌లెస్ బాడీ మీద మనసు. తోటి ఫొటోగ్రాఫర్లందరూ వాటికి మారుతున్నారు, నిజమే. కానీ అది కొంటే పాత లెన్సులు తగిలించడానికి మధ్యలో అడాప్టర్ కావాలి, బాడీకే డబ్బంతా అయిపోతే దానికి మళ్లీ ఆ 24-70 తప్ప ఇంకోటి ఉండదు. రెండు మంచి బాడీలూ ఒకే చూపూ అయితే లాభమేముంది? డిగ్రీలో సమాసాలు చెప్పేటప్పుడు ద్వంద్వ సమాసం ఉభయపదార్థ ప్రధానమని చెప్పేవారు. రాముడూ లక్ష్మణుడూ, తల్లీ తండ్రీ, రెండు పదాలకీ సమానమైన విలువ, రెండూ వేరు వేరు. ఒకే మాట రెండుసార్లు అంటే అది ద్వంద్వం కాదు, ఆమ్రేడితం. కెమెరాల జత ద్వంద్వంలా ఉండాలి గానీ ఆమ్రేడితంలా ఉండకూడదు. ఈ మాట అంటే మా ఆయన, "బి.ఏ. తెలుగు ఇన్నాళ్లకి పనికొచ్చింది" అన్నారు.

డబ్బు మాటకొస్తే, ఉన్నది నా చీటీ డబ్బు. అది జూన్‌లో అమ్మాయి ఫీజుకని పక్కన పెట్టింది. లెన్సుకి వాడితే మాఘం, ఫాల్గుణం ముహూర్తాల్లో వచ్చిన దాంతో తిరిగి నా చేతిలో పడాలి. పడకపోతే అమ్మాయి ఫీజుకి అప్పు చెయ్యాలి. అందుకని కొనే ముందు అద్దెకి తెచ్చి చూడమన్నాను. మరిది రాజమండ్రి నుంచి 70-200 ఎఫ్ 2.8 లెన్సు రెండు రోజులకి అద్దెకి తెచ్చాడు. కనుమ నాడు అందరం జగ్గన్నతోట వెళ్లాం.

మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ బయట ఊళ్ల వాళ్ల కోసం చెప్తాను. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఉన్న కొబ్బరితోట జగ్గన్నతోట. కనుమ నాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడికి వస్తారు. వ్యాఘ్రేశ్వరం వ్యాఘ్రేశ్వరస్వామి ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నిటినీ గౌరవంగా ఒకసారి పైకెత్తుతారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలవలోంచి దాటి వస్తాయి. వరి చేలు తొక్కుకుంటూ వస్తున్నా రైతులు ఏమీ అనరు, స్వామి నడిచాడని సంతోషిస్తారు. నీళ్లలో దిగి, భుజాల మీద అంత ఎత్తు ప్రభని పడిపోకుండా "అశ్శరభ శరభ" అంటూ మోసుకొచ్చే ఆ కాసేపూ గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

ఏ బాడీకి ఏ లెన్సు అన్నది మాకు అక్కడే తేలింది. ముందు పెద్ద లెన్సు మంచి బాడీకే ఉండాలని డి750కి 70-200, డి7200కి 24-70 పెట్టాడు. తోటలో జనం ఒత్తిడిలో వెనక్కి అడుగు వేసే చోటు లేదు. 24 కాస్తా క్రాప్ బాడీ మీద 36 అయిపోయింది, ప్రభ పైభాగం తెగిపోతోంది. కారులోకి వెళ్లి తలుపులేసుకుని, దుమ్ము పడకుండా రెండూ మార్చాడు. ఇప్పుడు డి750 మీద 24 నిజంగా 24. మోసేవాళ్ల భుజాలు, బురద కాళ్లు, పైన ప్రభ కొస దాకా ఒక్క ఫొటోలో. డి7200 మీద 70-200 కాస్తా 105-300 అయ్యింది. కాలవ ఈ గట్టు మీద నిలబడి నీళ్ల మధ్య మోసేవాళ్ల మొహాలు తీశాడు. వెడల్పు చూపు వెడల్పుగా చూడగలిగే బాడీకి, దూరపు చూపు దూరాన్ని ఇంకా లాగే బాడీకి. చెప్పుకుంటే ఇంతే.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఇంకో తేడా కనిపించింది. దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తి 24తో తీసిన ప్రభలు పైకి పోయే కొద్దీ సన్నబడి వెనక్కి వాలినట్టున్నాయి. పొలం అవతల నుంచి పెద్ద లెన్సుతో తీసినవి నిటారుగా, ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా బారు తీరినట్టున్నాయి. మొదటి రకంలో ప్రభ కింద మనిషి ఉన్నాడు. రెండో రకంలో పండగ ఉంది. రెండూ కావాలి. ఇక నేను ఆగిపోయిన ఫొటో వేరే ఉంది. అవతలి గట్టు మీద ఒక ముసలావిడ, నెత్తిన కొంగు, రెండు చేతులూ జోడించి, పెదాలు కదుపుతూ. మా వైపు చూడనే లేదు. ప్రభ ఆ ఫొటోలో లేదు, ఆవిడ మొహంలో ఉంది. రాజోలు ఆవిడ అడిగిన దానికి జవాబు ఈ లెన్సే అనిపించింది నాకు.

కొత్తది కొనలేదు. పాత మోడల్ 70-200 ఎఫ్ 2.8 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. సెకండ్ హ్యాండ్ లెన్సు చూసేటప్పుడు వెనక నుంచి టార్చి లైటు వేసి లోపల అద్దాల మధ్య చూడాలి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది బూజు, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. ఇటు గోదావరి, అటు సముద్రం, మధ్యలో మనం. అప్పడాలే రెండో రోజుకి మెత్తబడే ఊళ్లో లెన్సులకి బూజు పట్టడం వింత కాదు. మా ఇంట్లో లెన్సులు బ్యాగులో ఉండవు. గాలి పోని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య ఉంటాయి. డబ్బా మా వంటింటి అటక మీద, మినప్పప్పు డబ్బా పక్కనే.

దాంతో పాటు 50 ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొన్నాం. చిన్నది, చవక. 70-200 అన్ని చోట్లా పనికిరాదని జగ్గన్నతోట నుంచి వస్తూనే అర్థమయ్యింది. బారసాలలూ అన్నప్రాశనలూ నోములూ మన మండువా ఇళ్లలో పక్కగదిలో జరుగుతాయి. 105 నుంచి మొదలయ్యే చూపుకి పన్నెండడుగుల గదిలో పసిపాప ముక్కు ఒక్కటే వస్తుంది. అక్కడ డి7200 మీద 50 పెడితే 75 అవుతుంది, మనిషి నడుము నుంచి పైకి చక్కగా వస్తుంది. ఎఫ్ 1.8 కాబట్టి కిటికీ వెలుగు చాలు, ఫ్లాష్‌తో పిల్లలు ఉలిక్కిపడరు. అందుకని ఇప్పుడు మా లెక్క ఇది. ఇంట్లో జరిగే వాటికి 24-70, 50. కల్యాణ మండపాలకీ తీర్థాలకీ 24-70, 70-200. అంతర్వేది కల్యాణానికీ భీష్మ ఏకాదశి రథానికీ రెండో జతే. ఆ జనంలో రథం దగ్గరికి వెళ్లడం మన చేతిలో ఉండదు.

ఈ జతలు తూకం కూడా వేశాను, మా వంటింటి కాటా మీదే. డి750, 24-70 కలిపి కిలో ఏడువందల పైన. డి7200, 70-200 కలిపి రెండు కిలోల మూడువందలు. వెరసి నాలుగు కిలోలు, రాత్రి పది నుంచి తెల్లవారు నాలుగు దాకా ఒక మనిషి భుజాల మీద. 50 పెట్టిన రోజు రెండు కిలోల ఏడువందలే. అందుకని చిన్న ఫంక్షన్లకి పెద్ద లెన్సు ఇంట్లోనే ఉంటుంది. "తీసుకెళ్తే పోయేదేముంది వదినా" అంటాడు గానీ, మర్నాడు మెడకి నూనె రాసేది మా తోడికోడలు.

జత కలిపేటప్పుడు ఇంకా కొన్ని చూసుకోవాలి. మా రెండు బాడీలకీ ఒకే బ్యాటరీ, ఒకే రకం కార్డులు పడతాయి, లెన్సులు అటూ ఇటూ మారతాయి. వేరు వేరు కంపెనీలవి అయితే రెండు రకాల చార్జర్లు, రెండు రకాల కంగారు. ఇక గడియారాలు. బయల్దేరే ముందు రెండు కెమెరాల్లోనూ టైము సెకన్లతో సహా కలుపుతాడు. ఒకటి నాలుగు నిమిషాలు వెనకబడితే కంప్యూటర్లో వరస పెట్టినప్పుడు తాళి కట్టాక జీలకర్ర బెల్లం పెట్టినట్టు వస్తుంది. రంగు కూడా అంతే. రెండింటినీ ఆటోలో వదిలేస్తే ఒకే చీర ఒకదాంట్లో ఎరుపు, ఇంకోదాంట్లో నారింజ. ఆటో తీసేసి రెండింటికీ ఒకే కెల్విన్ అంకె పెట్టుకుంటే పేజీలో పక్క పక్కన పెట్టినా తేడా తెలియదు.

ఎల్ఈడీ లైట్ల బాధ ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది, మొహాల మీద అడ్డచారలు పడతాయి. షట్టర్ 1/100 పెడితే చారలు పోతాయి. కానీ పెద్ద లెన్సు చేతిలో ఊగకుండా ఉండాలంటే 1/250 అయినా ఉండాలి. లెన్సులోనే ఊపుని అదిమే ఏర్పాటు ఉంది గానీ అది మన చేతి ఊపునే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికని కాదు. కాబట్టి కూర్చుని చూస్తున్న మొహాలకి 1/100, తలంబ్రాలు పోసుకునేటప్పుడు చారలు పడినా సరే 1/250. క్రాప్ బాడీలో చీకట్లో గింజ కొంచెం ఎక్కువే వస్తుంది. ఆల్బమ్ సైజులో అది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఊగిపోయిన మొహంకంటే గింజ ఉన్న మొహం నయం.

మాఘంలో కొత్తపేట, ముమ్మిడివరం, రావులపాలెం అని వరసగా పెళ్లిళ్లు వచ్చాయి. ఫొటోలు ఏరుతుంటే నా పని పెరిగింది. ఇదివరకు వేదిక మీద ఏం జరిగిందో చూస్తే సరిపోయేది. ఇప్పుడు వేదికకి ఎదురుగా ఏం జరిగిందో కూడా వస్తోంది. చంటిపిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని అక్షింతలు వేస్తున్న పిన్ని. గంపలో పెళ్లికూతుర్ని మోసుకొచ్చి దించాక చెమట తుడుచుకుంటున్న మేనమామ. బూరెల బుట్ట పట్టుకుని ముహూర్తం చూడ్డానికి స్తంభం పక్కన ఒక్క క్షణం ఆగిన వంటమనిషి. ఆల్బమ్‌లు చూసినవాళ్లు ఇంకో ఇద్దరికి చెప్పారు. ఫాల్గుణం చివరికి చీటీ డబ్బులో మూడొంతులు తిరిగొచ్చింది. మిగతాది వైశాఖంలో వస్తుందని మరిది ధీమా. అమ్మాయి ఫీజు గడువు కాగితం మాత్రం నేను ఫ్రిజ్ మీద అంటించే ఉంచాను.

ఒక్క సంగతి మాత్రం ఈ లెన్సు వచ్చాకే తెలిసింది. దగ్గరికొచ్చి తీసేవాణ్ణి చూసి మనిషి సర్దుకుంటుంది, కొంగు లాక్కుంటుంది, నవ్వుతుంది. దూరం నుంచి తీసేవాడు కనబడడు. అప్పగింతలప్పుడు గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్న ఆడపడుచు, మనసు విప్పి మొగుడి మీద విసుక్కున్న పెద్దావిడ, నోట్లో ముద్దతో దొరికిపోయినవాళ్లు, అన్నీ వస్తాయి. రావడమూ, ఆల్బమ్‌లో పెట్టడమూ ఒకటి కాదు. వాళ్లు మన ముందు కూర్చుని ఆ ఫొటో చూస్తే ఏమనుకుంటారు అని ఆలోచించి చాలావాటిని తీసేస్తాను. అనుమానంగా ఉన్నవి కొన్ని పక్కన పెడతాను.

అలా పక్కన పెట్టినదాంట్లో కొత్తపేట పెళ్లికూతురి తల్లి ఫొటో ఒకటి ఉంది. తాళి కట్టే సమయం. అందరూ ముందుకి తోసుకుని చూస్తుంటే ఆవిడ విడిగదిలోంచి వస్తూ గుమ్మంలో ఆగిపోయారు. చేతిలో తాళాల గుత్తి, కళ్ల నిండా నీళ్లు, జుట్టు చెదిరి ఉంది. పెట్టొచ్చా కూడదా తేలక ఆవిడకే ఫోన్ చేసి, వాట్సాప్‌లో పంపించాను. గంట దాకా జవాబు లేదు. తర్వాత ఆవిడే ఫోన్ చేశారు.

"పెట్టండమ్మా," అన్నారు. "పెద్దది వద్దు. తాళి కట్టే ఫొటో ఉన్న పేజీలోనే ఓ పక్కన పెట్టండి. చూసుకుంటాను."